ఐదో తీగ చేసిన అల్లరి: ఒక గిటారు, ఒక గొంతు ఉన్న కచేరీ మీద కేస్ స్టడీ

పదిమంది బ్యాండ్‌కి సౌండ్ చేసేటప్పుడు నాకు పెద్ద టెన్షన్ ఉండదు. ఒక్కరే గిటారు పట్టుకుని కూర్చుని పాడే సాయంత్రాలంటేనే పొద్దున్నించి కడుపులో ఏదోలా ఉంటుంది. బ్యాండ్‌లో నేను చేసిన తప్పుని డ్రమ్ములు కప్పేస్తాయి. ఇక్కడ కప్పడానికి ఏమీ ఉండదు. తీగ మీద వేలు జారిన చప్పుడు చివరి వరసకి వినిపిస్తుంది. నా తప్పూ అంతే.

ఈ కచేరీలో తప్పు నాదే. మూడో పాటలో హాలంతా ఒక హోరు ఆరేడు సెకన్ల పాటు నిండింది. ఆ కంగారులో నేను చేసిన రిపేరు ఆ హోరు కంటే ఎక్కువ నష్టం చేసింది. ఇలాంటి కచేరీలు చేసేవాళ్ళకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

హాలు, మనిషి, గిటారు

సీట్లు 320. పొడుగాటి హాలు, నున్నటి పక్క గోడలు, వెనక గోడకి చెక్క పలకలు. ఖాళీగా ఉన్నప్పుడు గట్టిగా చప్పట్లు కొట్టి చూస్తే ఆ మోత ఒకటిన్నర సెకను దాకా సాగింది. మాటకి కొంచెం ఎక్కువే కానీ ఇలాంటి పాటకి బాగానే ఉంటుంది. నాకు నచ్చనిది ఏసీ. సన్నగా, ఆగకుండా ఊదుతూనే ఉంది. దాని సంగతి తర్వాత చెప్తాను.

గాయనికి అరవై దాటాయి. జానపద గిటారు వినేవాళ్ళలో ఆవిడ పేరు తెలియనివాళ్ళు అరుదు, కాబట్టి పేరు రాయడం లేదు. కుడి బొటనవేలు లావు తీగల మీద ఆగకుండా అటూ ఇటూ నడుస్తూ ఉంటుంది, చూపుడువేలు, మధ్యవేలు సన్న తీగల మీద పాట వరసని మీటుతుంటాయి. కళ్ళు మూసుకుని వింటే ఇద్దరు వాయిస్తున్నారనిపిస్తుంది. గొంతు చిన్నది. పక్క కుర్చీలో ఉన్న మనిషికి ఏదో చెప్తున్నట్టు పాడతారు. అంటే మైకు గెయిన్ (అది ఎంత చిన్న శబ్దాన్ని అందుకోవాలో పెట్టే మీట) పెంచక తప్పదు, గెయిన్ పెంచితే మైకు కూస్తుంది. ఈ రెండిటి మధ్యే నా సాయంత్రం గడవాలి.

గిటారు డ్రెడ్‌నాట్ రకం, పెద్ద పొట్టది. ఆ పేరు 1906లో నీళ్ళలోకి దిగిన బ్రిటిష్ యుద్ధనౌకది. మార్టిన్ కంపెనీ 1916లో ఈ ఆకారాన్ని మొదటిసారి తయారు చేసినప్పుడు దాని సైజు చూసే ఆ పేరు పెట్టారు. మైకులు లేని రోజుల్లో గొంతుతో పోటీపడేంత గట్టిగా, లోతుగా మోగడానికి ఆ పొట్ట కావాల్సి వచ్చింది. ఇప్పుడు మైకులూ ఉన్నాయి, పొట్టా ఉంది. నా కష్టం అక్కడే మొదలవుతుంది.

తీగలు ఆనే తెల్ల పట్టీ కింద పీజో పికప్ ఉంది, అంటే తీగల వణుకుని కరెంటు సిగ్నల్‌గా మార్చేది. దాన్ని మామూలు ఇన్‌పుట్‌కి తగిలిస్తే లావు తీగల బరువు పోయి రేకు డబ్బాలా మోగుతుంది. కనీసం 10 లక్షల ఓంల ఇన్‌పుట్ ఉన్న డీఐ బాక్స్ (గిటారు సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె) పెట్టాలి, పెట్టాను. పీజో శబ్దంలో ఎలాగూ ఒక ప్లాస్టిక్ గోల ఉంటుంది కాబట్టి, పన్నెండో మెట్టుకి పావు మీటరు దూరంలో ఒక చిన్న కండెన్సర్ మైకు కూడా పెట్టాను. బయట స్పీకర్లకి రెండూ కలిపి వెళ్తాయి. స్టేజీ మీద ఆవిడ ముందున్న మానిటర్‌కి, అంటే తన పాట తనకి వినిపించే స్పీకర్‌కి, గిటారు నుంచి పీజో ఒక్కటే వెళ్తుంది. పాడే మైకు ఆవిడ సొంతది, సూపర్‌కార్డియాయిడ్, అంటే ఎక్కువగా ముందు నుంచి వచ్చే శబ్దాన్నే వినే రకం.

సౌండ్ చెక్

గంటన్నర అనుకున్న సౌండ్ చెక్ ఇరవై నిమిషాలయింది. దారిలో ఆలస్యమై ఆవిడ 6:10కి వచ్చారు. 6:30కి తలుపులు తియ్యాలి, 7కి కచేరీ. ఒక పాట పాడారు, మామూలు శ్రుతిలో. ఏసీ ఊదుడులో తన గిటారు తనకే సరిగ్గా వినపడలేదు.

"మానిటర్‌లో గిటారు కొంచెం ఇవ్వండి," అన్నారు. ఇచ్చాను. "ఇంకొంచెం." ఇచ్చాను. "గొంతు కూడా." గొంతు పెంచబోతే పైన సన్నగా కీచుమంది, దించేశాను. "పోనీలెండి, గిటారు ఇంకొంచెం ఇస్తే సర్దుకుంటాను," అన్నారు. ఇచ్చాను.

ఆ నిమిషంలో నన్ను నేను మూడు ప్రశ్నలు అడగాల్సింది. ఒళ్ళో ఉన్న గిటారు ఆవిడకి ఎందుకు వినపడటం లేదు? గొంతు పెంచితే ఎందుకు కీచుమంటోంది? మిగతా పాటలు కూడా ఇదే శ్రుతిలోనా? ఒక్కటీ అడగలేదు. బయట జనం తలుపుల దగ్గర మూగి ఉన్నారు. చెవికి బాగానే ఉంది కదా అనుకున్నాను.

మూడో పాట

మొదటి రెండు పాటలు హాయిగా వెళ్ళాయి. మూడో పాటకి ముందు ఆవిడ ఏదో కబురు చెప్తూ శ్రుతి మార్చడం మొదలుపెట్టారు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. మాట ఆగదు, ఎడమ చేయి మర మీద ఉంటుంది, కుడి బొటనవేలు మధ్య మధ్యలో తీగని తడుతుంది. ప్రతి తీగనీ అవసరమైన దానికంటే ఒక పిసరు కిందికి దించి మళ్ళీ పైకి తెస్తారు. దించి అలా వదిలేసిన తీగ పాట మధ్యలో మెల్లగా పైకి పాకుతుంది మరి. జనం నవ్వుతున్నారు. నేను నీళ్ళ సీసా మూత తీస్తున్నాను.

బొటనవేలితో ఐదో తీగ మీటి పాట ఎత్తుకున్నారు. ఆ స్వరం ఆగలేదు. మొదటి రెండు సెకన్లు నాకు బాగుందనే అనిపించింది, ఎంత నిండుగా మోగుతోందో అనుకున్నాను కూడా. తర్వాత అది పెరగడం మొదలుపెట్టింది. స్పీకర్ శబ్దం తిరిగి మైకులోకి దూరి కీచుమనే ఫీడ్‌బ్యాక్ అయితే చెవికి వెంటనే తెలిసిపోతుంది. ఈ కింది స్వరం కూత అలా తెలియదు, బరువైన లారీ వచ్చి గోడ పక్కన ఆగినట్టు మెల్లగా వస్తుంది. ముందు వరసలో ఒకాయన చేతిలో కార్యక్రమం కాగితం వణకడం చూశాక గానీ నాకు అర్థం కాలేదు.

గిటారు ఫేడర్ (హాల్లో దాని శబ్దం పెంచే, తగ్గించే మీట) కిందికి లాగేశాను. హోరు తగ్గలేదు.

ఎందుకు తగ్గుతుంది? మానిటర్‌కి వెళ్ళే సెండ్ ప్రీ-ఫేడర్, అంటే ఫేడర్‌తో సంబంధం లేకుండా విడిగా వెళ్తుంది. అందరూ అలాగే పెడతారు, హాల్లో పెంచినా తగ్గించినా స్టేజీ మీద మారకూడదని. నేను ఫేడర్ లాగితే జనానికి గిటారు పోయింది, మానిటర్ మాత్రం నిక్షేపంగా మోగుతూనే ఉంది. ఇరవై ఏళ్ళుగా తెలిసిన విషయమే, ఆ క్షణానికి చేతికి గుర్తు రాలేదు. ఆవిడ అరచేత్తో తీగలన్నీ అదిమి పట్టారు. ఆగింది. చెయ్యి తీశారు. మళ్ళీ మొదలైంది. మళ్ళీ అదిమి, నా వైపు చూసి, మైకులోనే, "ఏమండీ, ఇది నాకంటే ముందే పాట అందుకుంటోంది," అన్నారు. హాలంతా నవ్వింది. అప్పుడు మానిటర్‌లో గిటారు సెండ్ పూర్తిగా తీసేశాను.

అక్కడితో ఆగితే సరిపోయేది. భయం వల్ల గిటారు ఛానెల్‌లో లోకట్ ఫిల్టర్‌ని (పెట్టిన గీతకి కింది స్వరాలని కోసేసేది) 70 నుంచి 150 హెర్ట్జ్‌కి తోసేశాను. మళ్ళీ హోరు రాదు, నిజమే. కానీ ఆవిడ బొటనవేలు నడిచే దారంతా ఆ 150 కిందే ఉంది. మొదటి సగంలో మిగిలిన నాలుగు పాటల్లో ఇద్దరు వాయిస్తున్నట్టుండే గిటారు కాస్తా ఒకరిది అయిపోయింది. జనానికి తెలిసిందో లేదో గానీ నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు.

విరామంలో పొట్ట వెతకడం

ఇరవై నిమిషాల విరామం. గ్రీన్ రూమ్‌లోకి వెళ్ళి క్షమించమని, గిటారు ఒకసారి ఇమ్మని అడిగాను. సౌండ్ హోల్ దగ్గర నోరు పెట్టి, గొంతు అడుగు స్వరం నుంచి మెల్లగా పైకి జారుస్తూ "ఊ" అన్నాను. ఇంతవయసు మనిషి గిటారు కంతలోకి మూలుగుతుంటే చూడటానికి ఎలా ఉంటుందో నాకు తెలుసు, కానీ ఇంతకంటే త్వరగా తెలిసే పద్ధతి లేదు. ఒక చోట కొచ్చేసరికి గిటారు వెనక పలక నా అరచేతిలో గుయ్యిమంది. ఆ స్వరం దగ్గరే ఆపి ట్యూనర్ చూశాను. జి. 98 హెర్ట్జ్.

ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒకే స్వరం వస్తుంది కదా, గిటారు పొట్టా అంతే. లోపలి గాలి, ఆ కంత కలిసి ఒక స్వరం దగ్గర తేలిగ్గా ఊగుతాయి. డ్రెడ్‌నాట్‌లలో అది సాధారణంగా 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. మామూలు శ్రుతిలో లావు తీగ నుంచి సన్న తీగ దాకా 82, 110, 147, 196, 247, 330 హెర్ట్జ్. 98 దగ్గర వట్టి తీగ, అంటే వేలితో నొక్కకుండా మోగే తీగ, ఏదీ లేదు. ఆ జి కావాలంటే ఆరో తీగని మూడో మెట్టు మీద నొక్కాలి, వేలు తీస్తే అది ఆగిపోతుంది. అందుకే సౌండ్ చెక్‌లో ఏమీ జరగలేదు.

మూడో పాటకి ఆవిడ పెట్టింది ఓపెన్ జి: లావు తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి. ఇందులో ఐదో తీగ 110 నుంచి దిగి సరిగ్గా 98 మీద కూర్చుంటుంది. పైగా ఈ పాటలో దాన్ని నొక్కరు, పాట పొడుగునా తంబురాలా మోగుతూనే ఉంటుంది. తీగ 98, పొట్ట 98, ఎదురుగా మీటరున్నర దూరంలో అదే స్వరాన్ని తిరిగి పొట్టలోకి కొట్టే మానిటర్. అందులో గిటారు "ఇంకొంచెం" మూడు సార్లు.

జనం నిండిన హాలు కూడా ఒక చెయ్యి వేసింది. మనుషులు, వాళ్ళ బట్టలు పై స్వరాలని బాగా పీలుస్తాయి, కింది స్వరాలని అంతగా పీల్చలేవు. ఖాళీ హాల్లో సమంగా వినిపించినది, నిండాక కింది వైపు బరువెక్కుతుంది.

పాటల కాగితం అడిగాను. రెండో సగంలో ఏడు పాటలు. పెన్సిల్‌తో ఒక్కోదాని పక్కన శ్రుతి రాయమన్నాను. మూడు ఓపెన్ జి, రెండు డి-ఏ-డి-జి-ఏ-డి, రెండు మామూలు. ఈ సంప్రదాయంలో ఇది మామూలే. ఆ డి-ఏ-డి-జి-ఏ-డి 1960ల మొదట్లో బ్రిటన్‌లో డేవీ గ్రాహం వాడుకలోకి తెచ్చినది. జోనీ మిచెల్‌కి తొమ్మిదో ఏట పోలియో వచ్చి ఎడమ చేయి బలహీనపడింది, కష్టమైన పట్లు పట్టలేక రకరకాల శ్రుతులు పెట్టుకుని వాయించారు. జానపద గిటారు విద్వాంసులకి శ్రుతి మార్చడం పాటలో భాగమని ఎప్పటినుంచో తెలిసి ఉండీ, ఒక శ్రుతిలో ఒక పాట విని సౌండ్ చెక్ అయిపోయిందనుకున్నాను.

ముందు చేసింది ఏసీ సంగతి. హాలు చూసుకునే అబ్బాయి బ్లోయర్‌ని సగానికి దించాడు. అంతవరకు అది తగ్గుతుందా అని ఎవరూ అతన్ని అడగలేదట.

తర్వాత మానిటర్. సూపర్‌కార్డియాయిడ్ మైకు వెనక నుంచి పూర్తిగా చెవిటిది కాదు, నేరుగా తోక వైపు కొంచెం వింటుంది. దానికి బాగా వినపడని చోటు ముందు నుంచి కొలిస్తే 126 డిగ్రీల దగ్గర, అంటే తోక నుంచి పక్కకి 54 డిగ్రీలు. మామూలు కార్డియాయిడ్‌కి (అది తోక వైపు దాదాపు ఏమీ వినదు) పెట్టినట్టు మానిటర్‌ని నేరుగా తోక ఎదురుగా పెట్టాను. సౌండ్ చెక్‌లో గొంతు పెంచితే కీచుమన్నది అందుకే. మానిటర్‌ని ఎడమ పక్కకి జరిపి ఆవిడ వైపు తిప్పాక గొంతు కావలసినంత పెంచగలిగాను. కూత లేదు.

గిటారు మాత్రం మానిటర్‌లో వద్దన్నాను. ఇక్కడ వాదన జరిగింది.

"నా గిటారు నాకు వినపడకుండా ఎలా వాయించను?"

"ఒళ్ళోనే ఉంది కదండీ. ఇప్పుడు ఏసీ తగ్గింది, ఒకసారి వాయించి చూడండి."

వాయించారు. కాసేపు పట్టి చూసి, "వినపడుతోంది. కానీ ఒంటరిగా ఉంది," అన్నారు. ఆ మాట నాకు నచ్చింది, కాబట్టి దిగొచ్చాను. మానిటర్‌కి వెళ్ళే గిటారులో 98 దగ్గర సన్నటి గాటు పెట్టి, 9 డెసిబెల్స్ కోసి, పీజో పొలారిటీ తిప్పి (అంటే సిగ్నల్‌ని తలకిందులు చేసి), చాలా కొద్దిగా ఇచ్చాను. ఆ గాటు మానిటర్‌కి మాత్రమే. బయట స్పీకర్లలో కూడా 98 కోస్తే ఓపెన్ జి పాటల్లో ఆధార స్వరమే పోతుంది.

కంతకి బిగించే రబ్బరు మూత నా సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అది పెడితే పొట్ట గోల చాలావరకు తగ్గుతుంది. చూపించాను. "నోరు మూసుకుని పాడమన్నట్టుంది," అన్నారు. మళ్ళీ సంచిలో పెట్టేశాను. నిజానికి పన్నెండో మెట్టు దగ్గర నా మైకు వినేది కూడా ఆ నోటినే, మూసేస్తే నాకే నష్టం.

చివరగా లోకట్‌ని 150 నుంచి 60కి తెచ్చాను. 70 కూడా పెట్టలేదు, ఎందుకంటే ఓపెన్ జిలోనూ, డి-ఏ-డి-జి-ఏ-డిలోనూ లావు తీగ డికి, అంటే 73 హెర్ట్జ్‌కి దిగుతుంది.

రెండో సగం

చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అదే సంతోషం. ఓపెన్ జి మొదటి పాట ఎత్తుకున్నప్పుడు నా వేలు గిటారు సెండ్ మీదే ఉంది. ఫేడర్ జోలికి పోలేదు. ఐదో తీగ మోగింది, మెల్లగా సన్నగిల్లి ఆగింది. అలా ఆగడం అంత ఆనందంగా ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. మొదటి సగంలో నా బల్ల దగ్గర గట్టి చోట్లలో 84 డెసిబెల్స్ చూపించిన మీటరు ఇప్పుడు 78 దాటడం లేదు. బయట ఫేడర్లు నేను తగ్గించలేదు. మానిటర్ నుంచి వెనక్కీ పక్కలకీ కారి హాల్లోకి వచ్చే మోత తగ్గింది. ఏసీతో పోటీ పడక్కర్లేకపోయేసరికి ఆవిడ కూడా గొంతు తగ్గించారు. అయినా మాట ఇంకా స్పష్టంగా వినిపించింది. శ్రుతి మార్చేటప్పుడు కబుర్లు కూడా తగ్గించేశారు. రెండు పాటల మధ్య ఒక్కోసారి ట్యూనింగ్ మర తిరిగే చిన్న కిర్రు మాత్రమే వినపడేది, 320 మంది దాన్ని వింటూ కూర్చున్నారు.

పాదంతో తాళం వేసినప్పుడల్లా మైకు స్టాండు ద్వారా చిన్న దడ వస్తోందని ఐదో పాటలో గమనించాను. స్టాండు కింద మడత పెట్టిన గుడ్డ ఉంటే సరిపోయేది. అప్పుడు స్టేజీ మీదకి వెళ్ళి పెట్టే ధైర్యం నాకు లేదు, అలాగే వదిలేశాను.

మర్నాడు విన్నప్పుడు

ప్రతి ఛానెల్ విడిగా రికార్డు చేసుకుంటాను. మర్నాడు పొద్దున మూడో పాట తెరిచి చూశాను. హోరు 98కి 99కి మధ్య మొదలై, ఆరు సెకన్లలో పీజో ఛానెల్ ఎర్ర గీత తాకింది. కండెన్సర్ మైకులో అది చాలా తక్కువ. కచేరీలో సగం మంది లాగే నేను కూడా ముందు అనుమానించింది ఆ మైకునే, దానికి పాపం ఏ సంబంధం లేదు.

మొదటి సగంలో మిగిలిన నాలుగు పాటలు విన్నాను. లోకట్ ఛానెల్‌లోనే ఉంది, రికార్డింగ్ దానికంటే ముందు తీసుకున్నది కాబట్టి బొటనవేలు నడక మొత్తం ఇందులో ఉంది. జనానికి పంపనిది నా హెడ్‌ఫోన్‌లో వింటూ కూర్చున్నాను. ఆరో పాట ఓపెన్ జినే. అందులో ఐదో తీగ రెండు లైన్లకొకసారి మోగుతుంది, పాట మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

ఇప్పుడు ఇలాంటి కచేరీ ఒప్పుకున్నప్పుడు నేను పంపే కాగితంలో పాట పేరు, శ్రుతి, కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) ఏ మెట్టు మీద అని మూడు గళ్ళు ఉంటాయి. కళాకారులు ఎంత ఆలస్యంగా వచ్చినా, ఒక పాట మొత్తం వినే బదులు ఒక్కో శ్రుతిలో అర నిమిషం వాయించమంటాను. వట్టి తీగలన్నీ ఒకసారి మీటించి వదిలెయ్యమంటాను, ఏది ఆగడం లేదో చూసుకుంటాను.

నాలుగు నెలల తర్వాత అదే గాయనికి ఇంకో హాల్లో చేశాను. మానిటర్‌లో 98 దగ్గర గాటు ముందే పెట్టుకుని, గర్వంగా కూర్చున్నాను. ఆవిడ పెట్టె తెరిచి చిన్న పొట్ట ఉన్న పార్లర్ గిటారు తీశారు. పొట్ట చిన్నదైతే దాని స్వరం పైకి పోతుంది. నేనేమీ అనకముందే గిటారు నా చేతికిచ్చి, "ఊ కానివ్వండి," అన్నారు. కంతలోకి మూలిగాను. 115 దగ్గర గుయ్యిమంది.

"ఈసారి ఎక్కడ?"

"ఐదో తీగ ఏకి కొంచెం పైన."

"అయితే మామూలు శ్రుతి పాటలకి జాగ్రత్త," అంటూ పాటల కాగితం మీద రెండిటి పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టి నాకిచ్చారు.